ముదిరిన మెలనోమాకు మందుల వరుస: ఏది ముందు, ఏది తరువాత

చర్మానికి రంగునిచ్చే కణాల నుంచి పుట్టే మెలనోమా ఊపిరితిత్తులకో, కాలేయానికో, మెదడుకో పాకిన తరువాత, 2010 వరకు వైద్యులు ఎక్కువగా ఆధారపడిన మందు 1975లో అమెరికాలో అనుమతి పొందిన డకార్బజీన్ అనే కీమో. దానికి లొంగే గడ్డలు తక్కువ, లొంగినా నిలిచేది కొద్ది నెలలు. వరుసలో పేర్చడానికి గట్టి మందు రెండోది లేదు కనుక, ఏది ముందు ఇవ్వాలన్న ప్రశ్న కూడా అప్పట్లో లేదు. 2011 మార్చిలో ఇపిలిముమాబ్, అదే ఏడాది ఆగస్టులో వెమురాఫెనిబ్ అనుమతి పొందడంతో పరిస్థితి తిరగబడింది. ఈ రెండు మందులూ పూర్తిగా వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి: మొదటిది శరీరపు రోగనిరోధక శక్తిని తట్టిలేపే ఇమ్యూనోథెరపీ, రెండోది గడ్డలోని జన్యు మార్పును గురిపెట్టే టార్గెటెడ్ మాత్ర. వాటి వెనుక వచ్చిన మందులన్నీ దాదాపు ఈ రెండు కుటుంబాలవే. అందువల్ల ఈనాడు కుటుంబ సభ్యులు ఆంకాలజిస్టు (క్యాన్సర్ వైద్యుడు) గదిలో కూర్చున్నప్పుడు ముందుగా తేలవలసింది ఈ రెండు కుటుంబాల్లో దేనితో మొదలుపెట్టాలన్న సంగతి.

ఇక్కడ చెప్పేది చర్మపు మెలనోమా గురించి, అందులోనూ ఆపరేషన్‌తో పూర్తిగా తీయలేని మూడో దశ, దూరానికి పాకిన నాలుగో దశ గురించి మాత్రమే. బేసల్ సెల్, స్క్వేమస్ సెల్, మెర్కెల్ సెల్ అనే ఇతర చర్మ క్యాన్సర్లకు మందులూ వేరు, వరుసా వేరు. కంటిలో పుట్టే మెలనోమా పేరుకు మెలనోమాయే గానీ దాని జన్యువులు వేరు, దాని చికిత్స కూడా వేరు.

వరుస నిర్ణయించే ముందు చేతిలో ఉండవలసిన రిపోర్టులు

మొదటిది బీ-రాఫ్ పరీక్ష. చర్మపు మెలనోమాల్లో దాదాపు సగం గడ్డల్లో బీ-రాఫ్ అనే జన్యువులో 600వ స్థానం వద్ద మార్పు ఉంటుంది. వాటిలో అధికభాగం వీ600ఈ, కొంత వీ600కే. ఈ మార్పు ఉంటేనే రెండో కుటుంబపు మాత్రలు పనికివస్తాయి. మార్పు లేనివారికి బీ-రాఫ్ మందు ఒంటరిగా ఇస్తే క్యాన్సర్ కణాల్లో అదే దారి మరింత చురుకవుతుంది కనుక, రిపోర్టు రాకముందే అంచనా మీద మాత్రలు మొదలుపెట్టడం సాహసం కాదు, తప్పు. బయాప్సీ ముక్కను పొదిగిన మైనపు దిమ్మెను ఆసుపత్రి భద్రపరుస్తుంది. వేరే ఊరిలో చూపించుకోదలచినవారు స్లైడ్లతో పాటు ఆ దిమ్మెను కూడా అడిగి తీసుకువెళ్ళాలి. వీ600ఈ ఒక్కదాన్ని గుర్తించే రంగు పరీక్ష త్వరగా తేలుతుంది. ఒకేసారి అనేక జన్యువులను చదివే ఎన్‌జీఎస్ పరీక్షకు ఎక్కువ రోజులు పడుతుంది గానీ, అదే నమూనాలో కిట్, ఎన్-రాస్ వంటి ఇతర జన్యువులూ తెలుస్తాయి.

మన ప్రాంతపు రోగుల విషయంలో ఒక సంగతి విడిగా చెప్పాలి. తెల్లవారిలో మెలనోమా ఎండ తగిలే చర్మం మీద ఎక్కువగా వస్తుంది. భారతీయుల్లో ఈ జబ్బే అరుదు. వచ్చినవారిలో అరికాలు, అరచేయి, గోటి కింద పుట్టే ఆక్రల్ రకం, నోటిలోనో ముక్కులోనో మలద్వారం వద్దనో పుట్టే మ్యూకోసల్ రకం చెప్పుకోదగినంతగా కనిపిస్తాయి. అరికాలి మచ్చను ఆనికాయగానో, ముల్లు దిగిన పుండుగానో, షుగర్ వల్ల మానని గాయంగానో అనుకుని నెలల తరబడి కట్లు కట్టించుకున్నాక అసలు సంగతి బయటపడటం తరచుగా జరిగేదే. ఈ రకాల్లో బీ-రాఫ్ మార్పు తక్కువ, కిట్ మార్పు కొంత ఎక్కువ, ఇమ్యూనోథెరపీకి లొంగే పాలు కూడా తక్కువ. పాశ్చాత్య దేశాల్లో రోగుల మీద జరిపిన మందుల పరీక్షల్లో (క్లినికల్ ట్రయల్స్) వచ్చిన అంకెలన్నీ ప్రధానంగా ఎండ వల్ల వచ్చే రకానివి. కింద రాసిన శాతాలను అరికాలి మెలనోమాకు యథాతథంగా అన్వయించుకోకూడదు.

రెండోది మెదడు ఎమ్మారై. పెట్ స్కాన్ తీశాం కదా అని దీన్ని వదిలేస్తారు. చక్కెరను ఎక్కువగా వాడే చోట్లను పెట్ స్కాన్ వెలుగుగా చూపుతుంది; మెదడు ఎప్పుడూ చక్కెరను వాడుకుంటూ ఉంటుంది కనుక పెట్‌లో చిన్న గడ్డలు ఆ వెలుగులో కలిసిపోతాయి. మెలనోమా మెదడుకు పాకడంలో ముందుండే క్యాన్సర్లలో ఒకటి. తలనొప్పి లేకపోయినా ఎమ్మారై చేయించాలి. మూడోది రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పరీక్ష. చవకైన ఈ పరీక్ష జబ్బు భారాన్ని, వేగాన్ని సూచిస్తుంది, రెండు కుటుంబాల మందుల ఫలితాన్నీ ముందుగా కొంత చెబుతుంది. వీటితో పాటు థైరాయిడ్, కాలేయం, మూత్రపిండాలు, షుగర్, ఉదయపు కార్టిసాల్, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ చూస్తారు. పాత క్షయ ఉన్నవారు ఆ సంగతి దాచకుండా చెప్పాలి, ఎందుకంటే రోగనిరోధక శక్తిని తట్టిలేపే మందుల వల్ల గానీ, వాటి దుష్ఫలితాలకు వాడే స్టెరాయిడ్ల వల్ల గానీ అది మళ్ళీ బయటపడవచ్చు. మాత్రలు వాడవలసివస్తుందనుకుంటే గుండె ఎకో, ఈసీజీ, కంటి పరీక్ష కూడా ముందే చేయించి ఉంచుకోవడం మేలు.

రెండు కుటుంబాల స్వభావం

టార్గెటెడ్ మాత్రలను జంటగా ఇస్తారు: ఒకటి బీ-రాఫ్‌ను, రెండోది అదే సంకేతాల దారిలో దాని కింద ఉండే మెక్ అనే ప్రోటీన్‌ను ఆపుతుంది. డాబ్రాఫెనిబ్‌తో ట్రామెటినిబ్, వెమురాఫెనిబ్‌తో కోబిమెటినిబ్, ఎన్‌కోరాఫెనిబ్‌తో బినిమెటినిబ్ వాడుకలో ఉన్న జంటలు. వీటి వేగం ఆశ్చర్యం కలిగిస్తుంది; మంచం పట్టిన మనిషి రెండు మూడు వారాల్లో లేచి తిరగడం వైద్యులు చూస్తూనే ఉంటారు. డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంట మీద జరిగిన రెండు పెద్ద పరీక్షలను కలిపి చూస్తే 68 శాతం మందిలో గడ్డలు గణనీయంగా కరిగాయి. అయితే అయిదేళ్ళ తరువాత జబ్బు పెరగకుండా ఉన్నవారు 19 శాతమే, జీవించి ఉన్నవారు 34 శాతం. క్యాన్సర్ కణం మూసిన తలుపు పక్కనే మరో దారి వెతుక్కుంటుంది. చాలామందిలో అది ఏడాది చుట్టుపక్కలే జరుగుతుంది.

ఇమ్యూనోథెరపీ నేరుగా గడ్డ మీదికి వెళ్ళదు. రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలకు శరీరం స్వయంగా వేసుకునే పగ్గాలను అది వదులుచేస్తుంది. ఆ పగ్గాలను వదులుచేసి క్యాన్సర్‌కు చికిత్స చేయవచ్చని కనిపెట్టినందుకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. సీటీఎల్ఏ-4 పగ్గాన్ని ఇపిలిముమాబ్, పీడీ-1 పగ్గాన్ని నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వదులుచేస్తాయి. ఫలితం రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కొందరికి అసలే రాదు. కానీ వచ్చిన ఫలితం నిలుస్తుంది. 945 మందితో జరిగిన చెక్‌మేట్ 067 పరీక్షలో పదేళ్ళ తరువాత జీవించి ఉన్నవారు ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి తీసుకున్నవారిలో 43 శాతం, నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో 37 శాతం, ఇపిలిముమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో 19 శాతం. డకార్బజీన్ రోజులు చూసిన వైద్యులకు ఈ అంకెలు ఎంత పెద్దవో చెప్పనక్కరలేదు.

బీ-రాఫ్ మార్పు ఉన్నవారికి ఏది ముందు

మార్పు లేనివారికి ఈ చిక్కే లేదు, ఇమ్యూనోథెరపీతోనే మొదలుపెడతారు. మార్పు ఉన్నవారికి రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. త్వరగా పనిచేసేదాన్ని ముందు వాడి, అది విఫలమయ్యాక రెండోది వాడవచ్చు కదా అన్న ఆలోచన సహజంగా వస్తుంది. చాలా ఏళ్ళు వైద్యులు కూడా అలాగే చేశారు. ఆ ఆలోచనలో లోపం ఎక్కడుందో డ్రీమ్‌సెక్ అనే అమెరికా పరీక్ష చూపించింది. అందులో బీ-రాఫ్ వీ600 మార్పు ఉన్న 265 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు ముందు ఇపిలిముమాబ్, నివోలుమాబ్ ఇచ్చి, జబ్బు పెరిగితే డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్‌కు మార్చారు. రెండో జట్టుకు ఈ వరుసనే తిరగేశారు. అంటే ఇద్దరికీ అవే నాలుగు మందులు, మారింది వరుస ఒక్కటే. రెండేళ్ళకు మొదటి జట్టులో సుమారు 72 శాతం, రెండో జట్టులో సుమారు 52 శాతం జీవించి ఉన్నారు. తేడా అంత స్పష్టంగా ఉండటంతో కొత్తవారిని చేర్చుకోవడం ముందే ఆపేశారు.

ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నది గ్రహిస్తే మిగతా నిర్ణయాలు సులువవుతాయి. మాత్రలకు మొండికేసిన జబ్బు చాలాసార్లు నెమ్మదిగా తిరిగి రాదు; ఉరుకులు పెడుతూ, తరచుగా మెదడులో తలెత్తుతుంది. అప్పుడు ఇమ్యూనోథెరపీ మొదలుపెట్టినా అది పనిచేయడానికి కావలసిన వారాలు రోగి వద్ద ఉండవు. పైగా మాత్రలకు లొంగని స్థితికి చేరిన గడ్డలోకి టీ కణాల రాక కూడా తగ్గుతుందని ప్రయోగశాల పరిశీలనలు సూచిస్తున్నాయి. ఇమ్యూనోథెరపీ విఫలమైనవారికి మాత్రలు మాత్రం ఇంచుమించు మొదటిసారి పనిచేసినట్లే పనిచేస్తాయి. కాబట్టి దాచుకున్నా చెడిపోనిది మాత్రల జంట. ఆలస్యమైతే చేజారేది ఇమ్యూనోథెరపీ.

డ్రీమ్‌సెక్‌లో ఏ నెలకు ఎందరు జీవించి ఉన్నారో చూపే గ్రాఫును జాగ్రత్తగా చూసినవారికి మరో సంగతి కనిపిస్తుంది. తొలి నెలల్లో పైన ఉన్నది మాత్రల జట్టు గీతే; దాదాపు పది నెలల దగ్గర రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఇమ్యూనోథెరపీ పనిచేసేలోగా కొందరు జబ్బుకు బలైపోయారని దాని అర్థం. పైగా ఆ పరీక్షలో చేరినవారు లేచి తిరగగలిగినవారు, చికిత్స లేని మెదడు గడ్డలు లేనివారు. అందువల్ల ఇమ్యూనోథెరపీ ముందు అన్న మాటను కళ్ళు మూసుకుని పాటించవలసిన సూత్రంగా తీసుకోకూడదు. జబ్బు మనకు కనీసం రెండు మూడు నెలల సమయం ఇస్తుందా అన్న ప్రశ్నకు అవును అని జవాబు వచ్చినప్పుడే అది వర్తిస్తుంది.

ఆ జవాబు కాదు అయ్యే సందర్భాలు ఇవి: కాలేయం నిండా గడ్డలతో ఒళ్ళు పచ్చబడుతున్నప్పుడు, ఊపిరితిత్తుల్లో జబ్బు వల్ల కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నప్పుడు, ఎల్‌డీహెచ్ మామూలు హద్దుకు రెట్టింపు దాటి వారం వారం పెరుగుతున్నప్పుడు, మెదడు వాపుకు పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు ఆపలేనప్పుడు. మార్చిన మూత్రపిండం ఉన్నవారికి, అదుపులో లేని తీవ్రమైన ఆటోఇమ్యూన్ జబ్బు (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసేది) ఉన్నవారికి కూడా మాత్రలే ముందు రావచ్చు. పీడీ-1 మందుతో మార్చిన అవయవాన్ని శరీరం తిరస్కరించే ప్రమాదం నిజమైనది. కీళ్ళవాతమో, బొల్లి మచ్చలో ఉన్నంత మాత్రాన ఇమ్యూనోథెరపీ తలుపు మూసుకుపోదు.

ఇలా మాత్రలతో మొదలైనవారు వాటిని విఫలమయ్యేవరకూ సాగించాలా, మధ్యలోనే మారాలా? ఇటలీ నాయకత్వంలో 209 మందితో జరిగిన సెకాంబిట్ పరీక్షలో మూడు వరుసలను చూశారు. మూడో వరుసలో ఎన్‌కోరాఫెనిబ్, బినిమెటినిబ్ ఎనిమిది వారాలు మాత్రమే ఇచ్చి, జబ్బు పెరగకముందే ఇపిలిముమాబ్, నివోలుమాబ్‌కు మార్చి, అది విఫలమైతే మళ్ళీ మాత్రలకు వచ్చారు. మూడేళ్ళకు జీవించి ఉన్నవారు మాత్రలు ముందు తీసుకున్న జట్టులో 54 శాతం, ఇమ్యూనోథెరపీ ముందు తీసుకున్న జట్టులో 62 శాతం, ఈ మధ్యలో మార్చిన జట్టులో 60 శాతం. వరుసలను ఒకదానితో ఒకటి పోల్చి గెలుపోటములు తేల్చడానికి ఆ పరీక్షను కట్టలేదు గనుక 62, 60 మధ్య తేడాను పట్టించుకోవలసిన పని లేదు. అయినా మాత్రలతో మొదలుపెట్టక తప్పనివారికి అది ఒక దారి చూపుతోందని నా అభిప్రాయం: రోగి కోలుకుని, ఎల్‌డీహెచ్ దిగి, స్కాన్ బాగుపడిన రోజే ఇమ్యూనోథెరపీకి మారే విషయం అడగాలి. బాగున్నప్పుడు మందు మార్చడానికి ఎవరికీ మనసొప్పదు, అది అర్థం చేసుకోదగినదే, కానీ మారడానికి అనువైన సమయం సరిగ్గా అదే.

ఇమ్యూనోథెరపీలో ఏ జంట

ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి ఇచ్చినప్పుడు చెక్‌మేట్ 067లో 59 శాతం మందికి తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చాయి. నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో అది 20 శాతం పైచిలుకు. నివోలుమాబ్‌కు, మరో పగ్గాన్ని వదులుచేసే రెలట్లిమాబ్ జోడించిన జంట 2022 మార్చిలో అమెరికాలో అనుమతి పొందింది. 714 మందితో జరిగిన ఆ పరీక్షలో జబ్బు పెరగకుండా గడిచిన మధ్యస్థ కాలం నివోలుమాబ్ ఒక్కదానితో 4.6 నెలలు, జంటతో 10.1 నెలలు, తీవ్ర దుష్ఫలితాలు జంటతో సుమారు 19 శాతం. ఈ జంటనూ ఇపిలిముమాబ్ జంటనూ తలపడించి చూసిన పరీక్ష ఆధారంగా ఎంచుకోవడం కాదిది, రోగిని చూసి ఎంచుకోవడం. మెదడులో గడ్డలుంటే, ఎల్‌డీహెచ్ ఎక్కువగా ఉంటే, బీ-రాఫ్ మార్పు ఉంటే, మనిషి గట్టిగా ఉంటే ఇపిలిముమాబ్ జంట వైపు మొగ్గుతారు. లక్షణాలు లేని మెదడు గడ్డల మీద ఆ జంట సగానికి పైగా రోగుల్లో పనిచేసి, పనిచేసినచోట నిలిచింది. మాత్రలు మెదడులోనూ అంతమందికే పనిచేశాయి గానీ ఆ ఫలితం మధ్యస్థంగా ఆరున్నర నెలలే నిలిచింది. వయసు పైబడినవారికి, ఊపిరితిత్తుల జబ్బున్నవారికి, ఆసుపత్రికి గంటల దూరంలో ఒంటరిగా ఉండేవారికి పీడీ-1 మందు ఒక్కటే ఇవ్వడం పిరికితనం కాదు. మామూలు పద్ధతిలో ఇపిలిముమాబ్ కిలోకు 3 మిల్లీగ్రాములు, నివోలుమాబ్ కిలోకు 1 మిల్లీగ్రాము చొప్పున మూడు వారాలకొకసారి నాలుగు డోసులు ఇస్తారు. ఈ మోతాదులను తారుమారు చేసి ఇచ్చినప్పుడు తీవ్ర దుష్ఫలితాలు 48 నుంచి 34 శాతానికి తగ్గాయి. ఆ పద్ధతి కుదురుతుందా అని అడగడంలో తప్పులేదు.

ఖర్చు మాట తప్పించుకోలేం. టాటా మెమోరియల్ ఆసుపత్రి తల, మెడ క్యాన్సర్‌లో 20 మిల్లీగ్రాముల అతి తక్కువ మోతాదు నివోలుమాబ్ ఉపయోగపడుతుందని చూపించింది. ఆ ఫలితం కీమోతో కలిపి, వేరే క్యాన్సర్‌లో వచ్చినది. దాన్ని మెలనోమాకు అదే ధీమాతో చెప్పలేం. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు, ఆ డబ్బుతో ఏ మందు ఎన్ని నెలలు నడుస్తుందన్న లెక్కను మొదటి రోజే వైద్యుడి ముందు పెట్టడం మంచిది. మధ్యలో ఆగిపోయే మాత్రల వల్ల జబ్బు వెంటనే తిరగబెడుతుంది. ఇమ్యూనోథెరపీ కొన్ని డోసుల తరువాత ఆగినా ఫలితం నిలిచే అవకాశం ఉంటుంది.

ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు ఆగాలి

ఇమ్యూనోథెరపీ మొదలుపెట్టాక మొదటి స్కాన్ సాధారణంగా పన్నెండు వారాలకు తీస్తారు. గడ్డ కాస్త పెద్దదిగా కనిపించినా, మనిషి బాగుండి, ఎల్‌డీహెచ్ దిగుతూ ఉంటే, అది టీ కణాలు చేరడం వల్ల వచ్చిన ఉబ్బు కావచ్చు. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో మళ్ళీ స్కాన్ తీసి చూస్తారు. ఇలాంటి ఉబ్బు పదిమందిలో ఒకరికైనా ఉండదు గనుక బరువు తగ్గుతూ, నొప్పి పెరుగుతూ ఉన్న మనిషి విషయంలో ఆ ఆశతో వారాలు పోగొట్టుకోకూడదు. అన్ని గడ్డలూ కరిగి ఒక్కటి మాత్రం పెరిగితే, మందు మార్చకుండా ఆ ఒక్కదాన్ని ఆపరేషన్‌తోనో, కచ్చితమైన రేడియేషన్‌తోనో తీసి అదే మందు కొనసాగించడం చాలాసార్లు తెలివైన పని.

దుష్ఫలితం వల్ల ఆగడం వేరు, జబ్బు పెరగడం వల్ల ఆగడం వేరు. ఈ రెంటినీ కలిపేసి, విరేచనాలతో ఇపిలిముమాబ్ జంట ఆగిన రోగికి వెంటనే మాత్రలు మొదలుపెట్టమని కుటుంబాలు ఒత్తిడి చేస్తుంటాయి. తొలి డోసుల్లోనే దుష్ఫలితాల వల్ల ఆపినవారికీ, కొనసాగించినవారికీ ఫలితంలో పెద్ద తేడా లేదని పరీక్షల సమాచారం చూపింది. జబ్బు నిమ్మళంగా ఉంటే మాత్రలను ముట్టుకోకుండా ఉంచుకోవచ్చు. విరేచనాలను మాత్రం హోటల్ తిండికి ఆపాదించి మందుల షాపులో మాత్ర కొనుక్కుని ఊరుకోకూడదు; రోజుకు మామూలు కంటే నాలుగైదు సార్లు ఎక్కువైనా, ఆయాసం, ఒళ్ళు పచ్చబడటం, లేవలేనంత నీరసం, తగ్గని తలనొప్పి, ఛాతీలో బరువు ఏది వచ్చినా అదే రోజు ఆంకాలజిస్టుకు ఫోన్ చేయాలి. ఆఖరి డోసు తరువాత నెలలు గడిచినా ఇవి రావచ్చు. స్టెరాయిడ్లు మొదలుపెడితే వాటిని కనీసం నాలుగు నుంచి ఆరు వారాల మీద నెమ్మదిగా తగ్గించాలి, తగ్గిందనిపించగానే ఆపేయకూడదు.

ఇమ్యూనోథెరపీ నుంచి మాత్రలకు మారేటప్పుడు పాత మందు ఒంట్లో ఇంకా ఉంటుందన్నది గుర్తుంచుకోవలసిన విషయం. ఇమ్యూనోథెరపీ మందు ఆఖరి సెలైన్ ఎక్కించిన కొన్ని వారాల్లోనే బీ-రాఫ్ మాత్రలు మొదలుపెట్టినవారిలో కొందరికి తీవ్రమైన దద్దుర్లు, జ్వరం, బీపీ పడిపోవడం, కాలేయ దెబ్బ కనిపించాయి. వెమురాఫెనిబ్, ఇపిలిముమాబ్ ఒకేసారి ఇచ్చి చూసిన పరీక్షను 2013 నాటికే కాలేయ నష్టం వల్ల ఆపవలసివచ్చింది. అవసరమైనప్పుడు మాత్రలు మొదలుపెట్టక తప్పదు. అయితే మొదటి రెండు మూడు వారాలు తరచుగా రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ ఖాళీ కడుపుతో, భోజనానికి గంట ముందో రెండు గంటల తరువాతో వేసుకోవాలి. ఈ జంటతో సగానికి పైగా రోగులకు జ్వరం వస్తుంది. 100.4 డిగ్రీలు తాకగానే రెండు మాత్రలూ ఆపి, కనీసం 24 గంటలు జ్వరం లేకుండా గడిచాక అదే మోతాదులో మళ్ళీ మొదలుపెట్టే పద్ధతిని వైద్యుడు ముందే కాగితం మీద రాసి ఇచ్చేలా చూసుకోండి. కీమో జ్వరం అనుకుని అత్యవసర విభాగంలో రోజుల తరబడి యాంటీబయాటిక్‌లు ఎక్కించడం దీనివల్ల తప్పుతుంది.

రెండు కుటుంబాలూ అయిపోయాక మిగిలేవి తక్కువే గానీ లేకపోలేదు. పీడీ-1 ఒక్కటే తీసుకుని విఫలమైనవారికి దానికి ఇపిలిముమాబ్ జోడిస్తే నలుగురిలో ఒకరికి పైగా గడ్డలు కరిగాయి. రోగి గడ్డలోంచే టీ కణాలను తీసి, పెంచి, తిరిగి ఎక్కించే లిఫిల్యూసెల్ 2024 ఫిబ్రవరిలో అమెరికాలో అనుమతి పొందింది. దాదాపు మూడోవంతు మందికి అది పనిచేసింది, అయితే దానికి బలమైన కీమో తట్టుకునే ఒళ్ళు, తగిన కేంద్రం రెండూ కావాలి. కిట్ మార్పు ఉన్న ఆక్రల్, మ్యూకోసల్ రోగులకు ఇమాటినిబ్ మాత్రల వల్ల కొందరికి మేలు జరుగుతుంది, ఆ మాత్రలు మన దేశంలో చవకగా కూడా దొరుకుతాయి. ఒకసారి విఫలమైన బీ-రాఫ్ జంటను కనీసం పన్నెండు వారాలు ఆపి మళ్ళీ ఇచ్చిన చిన్న పరీక్షలో 25 మందిలో 8 మందికి గడ్డలు తగ్గాయి. ఎక్కువకాలం నిలవకపోయినా, అది మరో చికిత్స అందేవరకు దొరికే సమయం. పాత కీమో ఈ అన్నిటి తరువాత వస్తుంది.

మందు మారిన ప్రతిసారీ ఒక కాగితం మీద మందు పేరు, మొదటి డోసు, ఆఖరి డోసు తేదీలు, ఆపిన కారణం, ఆనాటి ఎల్‌డీహెచ్, స్కాన్ తేదీ, ప్రస్తుతం వాడుతున్న స్టెరాయిడ్ మోతాదు రాసి ఫైలులో పైన ఉంచండి. కొత్త ఆసుపత్రిలో రాత్రిపూట అత్యవసర విభాగంలో ఉండే డాక్టరు ముందుగా అడిగేది ఆఖరి సెలైన్ ఎప్పుడు ఎక్కించారని, దేనివల్ల ఆపారని.